నడవగలడా? – కాలు ఇచ్చుటకు ముందు బీమా అడిగే ప్రశ్న

చక్కెర వ్యాధి వలననో, ప్రమాదంలోనో ఒకరి కాలు తీసివేయవలసి వచ్చినప్పుడు ఇంటివారు మొదట అడిగే మాట “మళ్లీ నడవగలడా?” అని. అమెరికాలో కృత్రిమ కాలుకు బీమా డబ్బు వచ్చేదీ రానిదీ ఈ ప్రశ్న మీదనే ఆధారపడి ఉన్నది. బిడ్డల యొద్దకు వెళ్లి అక్కడే స్థిరపడిన పెద్దవారు మన కుటుంబాలలోనూ ఉన్నారు గనుక ఈ సంగతి తెలుసుకొనుట మంచిది.

65 ఏండ్లు నిండిన వారికి, కొందరు వికలాంగులకు అమెరికా ప్రభుత్వం నడిపే బీమా పేరు మెడికేర్. 1965లో దీనికి చట్టం వచ్చింది. చుట్టపుచూపుగా వెళ్లినవారికి ఇది వర్తించదు. కృత్రిమ కాలుకు మెడికేర్ ఒప్పుకొన్న ధరలో, ఏటా మనమే పెట్టుకోవలసిన తొలి మొత్తం పోగా, 80 శాతం అది చెల్లిస్తుంది. మిగిలిన 20 శాతం మనిషి గాని, అతనికున్న మరొక బీమా గాని భరించాలి.

అయిదు మెట్లు

అయితే ఏ కాలు ఇవ్వాలన్నది మనిషి నడక శక్తిని బట్టి నిర్ణయిస్తారు. దీనికి సున్న నుండి నాలుగు వరకు మెట్లున్నవి. సున్న అనగా సాయముతోనైనా క్షేమంగా నడవలేరు, కాలు పెట్టినా మేలు లేదు అని. వారికి కాలు మంజూరు కాదు. ఒకటి, ఇంట్లో చదునైన నేల మీద ఒకే వేగంతో నడిచేవారు. రెండు, గట్లు, మెట్లు, ఎగుడుదిగుడు నేల దాటుకొని కొంతమేర బయట తిరిగేవారు. మూడు, అవసరాన్ని బట్టి వేగం మార్చుకొని అంతటా తిరిగేవారు. నాలుగు, పిల్లలు, క్రీడాకారులు, చురుకైన పెద్దలు. అనేక ప్రైవేటు బీమా కంపెనీలు కూడా ఈ కొలతనే వాడుచున్నవి.

ఇక్కడ ముఖ్యంగా గమనించవలసినది ఒకటున్నది. ఈ మెట్టు నేడు మంచము మీద ఉన్న స్థితిని మాత్రమే చూచి వేసేది కాదు. తగిన కాలములో ఆ మనిషి ఎంతవరకు నడవగలడో చూచి వేసేది. మునుపు అతడు ఎట్లు బ్రతికాడు, మిగిలిన కాలు భాగం ఎట్లున్నది, ఇతర జబ్బులేమిటి, నడవాలన్న కోరిక ఉన్నదా అని వైద్యుడు, కాలు తయారుచేసే నిపుణుడు పరిశీలిస్తారు.

పడిపోయే వారికే అందని మోకాలు

మోకాలి పైన కాలు తీసివేసిన వారికి మోకాలు కూడా కావాలి. చిన్న కంప్యూటరు అమర్చిన మోకాలు కాలి కదలికను కనిపెట్టుచు, తూలినప్పుడు పడిపోకుండ ఆపుటకు సాయపడుతుంది. కాని చాలా ఏండ్లు మెడికేర్ దానిని మూడవ మెట్టు, ఆ పైవారికే ఇచ్చేది. గట్టిగా నడిచేవారికి అది దొరికేది. తూలి పడే భయం ఎక్కువగా ఉన్న రెండవ మెట్టు వృద్ధులకు దొరికేది కాదు. పడుదునేమోనని మనిషి కూర్చుండిపోతే నడక ఇంకా తగ్గును, మెట్టు ఇంకా దిగును. 2024 సెప్టెంబరు 1 నుండి ఈ నియమం మారింది. తగిన కారణం వైద్యుని కాగితాలలో ఉంటే, రెండవ మెట్టు వారికి కూడా ఆ మోకాలు ఇప్పుడు మంజూరు కావచ్చును.

ఇంటివారు చేయవలసినది

బీమావారు రోగిని చూడరు, కాగితాన్ని చూస్తారు. కాబట్టి వైద్యుని యొద్ద మన పెద్దలు మొహమాటపడి “ఏదో ఇంట్లో తిరిగితే చాలునండి” అనకూడదు. ఆపరేషనుకు ముందు అంగడికి నడిచేవారా, మేడ మెట్లు ఎక్కేవారా, తోటపని చేసేవారా, మనుమలను బడికి తీసుకొని వెళ్లేవారా – అన్నీ చెప్పాలి. ఎన్నిసార్లు తూలి పడ్డారో అదీ దాచకుండ చెప్పాలి. ఆ మాటలు రికార్డులో వ్రాశారో లేదో పిల్లలు అడిగి తెలుసుకోవాలి. కాదని జవాబు వస్తే అంతటితో ఊరకుండనక్కరలేదు, అప్పీలు చేసుకొనే హక్కు ఉన్నది.

కాలు పోయిన మనిషిని ఇంట్లో అందరు “నీవు కదలకు, మేము చేస్తాము” అనుట ప్రేమతోనే. కాని లేచి నడవాలన్న ఆశ కూడా లెక్కలోనికి వచ్చే చోట, ఆ ఆశను నిలబెట్టుటే ఇంటివారు చేయగల మొదటి సాయము.