సీసాలోకి చేరని వగరు

ఉత్తర అమెరికా తూర్పు ప్రాంతపు అడవుల్లో పెరిగే విచ్ హేజెల్ అనే పొద, తక్కిన చెట్లు ఆకులు రాల్చే అక్టోబరు, నవంబరు నెలల్లో, మెలికలు తిరిగిన సన్నని పసుపు రేకలతో పూస్తుంది. దాని ముదురు కాయలు పగిలినప్పుడు గింజలు పది మీటర్ల దూరం వరకు ఎగిరిపడతాయి. దీని బెరడును, కొమ్మలను కాచిన కషాయాన్ని అక్కడి ఆదివాసులు వాపులకు, దెబ్బలకు వాడేవారు.

ఆ బెరడు గుణం ప్రధానంగా టానిన్లది. కరక్కాయకు, పచ్చి అరటికాయకు వగరునిచ్చే ఈ పదార్థాలు మాంసకృత్తులను పట్టుకొని గడ్డకట్టిస్తాయి కనుకనే, వగరు కాయ కొరికినప్పుడు లాలాజలంలోని జారుడు పోయి నోరు పట్టేసినట్లవుతుంది. ఒరుసుకుపోయిన చర్మం మీద, మొలల మీద కూడా పైపొరలోని మాంసకృత్తులు ఇలాగే బిగిసి పలుచని పొరగా ఏర్పడటం వల్ల రసి కారడం తగ్గి, మంట, దురద కొంత ఉపశమిస్తాయి.

1846లో న్యూయార్క్ రాష్ట్రంలో ఈ మొక్క సారాన్ని అమ్మకానికి పెట్టిన థెరాన్ పాండ్ పేరే, తెలుగిళ్లకు చిరపరిచితమైన పాండ్స్ క్రీములకు, పౌడర్లకు మిగిలింది. 1866 నుంచి కనెక్టికట్‌లో థామస్ డికిన్సన్ దీన్ని బట్టీలో కాచి పెద్దయెత్తున తయారుచేయించాడు. ముక్కలు చేసిన కొమ్మలకు ఆవిరి పట్టించి, ఆ ఆవిరిని చల్లార్చగా వచ్చిన నీటికి 14-15 శాతం ఆల్కహాలు కలపడం ఇందులోని పద్ధతి.

చిక్కంతా ఇక్కడే ఉంది. టానిన్లు ఆవిరితో పైకి లేచేవి కావు; అవి దాదాపుగా బట్టీ అడుగునే ఉండిపోతాయి కాబట్టి, సీసాలోని నీరు చర్మాన్ని బిగించడంలో ఎక్కువ పాత్ర ఆల్కహాలుదే అనుకోవాలి. అయినా అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ చిన్నపాటి చర్మపు మంటలకు, పురుగుకాట్లకు, మొలల బాధకు పైపూతగా దీన్ని అనుమతించింది. దురద పుట్టించే చర్మవ్యాధి అయిన ఎగ్జిమా విషయంలో మాత్రం, 1995లో ప్రచురితమైన ఒక జర్మన్ పరీక్షలో ఈ బట్టీ నీటితో చేసిన క్రీము, మందు కలపని వట్టి క్రీము కంటే మెరుగ్గా పనిచేయలేదు.

బట్టీలో కాచకుండా బెరడు నుంచో ఆకుల నుంచో నేరుగా తీసిన సారంలో టానిన్లు నిలుస్తాయి గనుక, కొనేవారు సీసా మీది చీటీలో ఏది రాసి ఉందో చూసుకోవడం మంచిది. ఏ రకమైనా పైపూతకే తప్ప తాగడానికి పనికిరాదు. మలద్వారం నుంచి రక్తం పడుతూ ఉంటే, అది పేగు జబ్బుకూ గుర్తు కావచ్చు గనుక, పూతలతో కాలం గడపకుండా వైద్యుడికి చూపించుకోవాలి.