పరిహారం లెక్కలో దళితులు ఎందుకు లేరు? దేశ విభజనపై ఒక స్వతంత్ర రచయిత్రి పని

1947 దేశ విభజన గురించి మన పాఠ్యపుస్తకాల్లో ఉండేది రెండు మూడు పేరాలే. కోటిమందికి పైగా సరిహద్దు దాటారని, లక్షలమంది చనిపోయారని, హిందువులు, సిక్కులు ఇటు, ముస్లింలు అటు వెళ్లారని చదువుకుంటాం. ఆ కోటిమందిలో అంటరాని కులాలవాళ్లు ఎందరు, వాళ్లలో ఆడవాళ్లకు ఏమైంది అన్న ప్రశ్న అక్కడ రాదు. శరణార్థుల పునరావాస చట్టాలు చదివేటప్పుడు మేము వెతికింది ఈ ప్రశ్నకు జవాబే. ఆ వెతుకులాటలో మాకు బాగా అక్కరకొచ్చిన పుస్తకం ఊర్వశీ బుటాలియా రాసిన 'ది అదర్ సైడ్ ఆఫ్ సైలెన్స్'.

బుటాలియా రచయిత్రి, ప్రచురణకర్త. 1984లో రీతూ మీనన్‌తో కలిసి 'కాళీ ఫర్ విమెన్' అనే స్త్రీవాద ప్రచురణ సంస్థ పెట్టారు. అదే ఏడాది ఢిల్లీలో సిక్కుల ఊచకోత జరిగింది. బాధితుల మధ్య పనిచేస్తుంటే, ఇది మళ్లీ విభజన కాలంలా ఉందని పెద్దవాళ్లు అనడం ఆమె విన్నారు. అప్పటినుంచి విభజనను చూసినవాళ్ల దగ్గరికి వెళ్లి, వాళ్ల మాటలు రికార్డు చేశారు. పుస్తకం 1998లో వచ్చింది. నాయకుల చర్చలను పక్కనబెట్టి స్త్రీలు, పిల్లలు, దళితులు ఏం చెబుతున్నారో విన్న పుస్తకం అది.

అందులో పంజాబ్‌కు చెందిన ఒక పారిశుధ్య కార్మికురాలి జ్ఞాపకాలున్నాయి. విభజన నాటికి ఆమె చిన్నపిల్ల. జనం వదిలేసి పోయిన ఇళ్లలోకి వెళ్లి సామాన్లు తెచ్చుకున్నామని, మిగతావాళ్లలా తాము భయపడలేదని ఆమె చెప్పింది. కొట్లాట హిందువులకూ ముస్లింలకూ మధ్య. వీళ్లను ఆ రెండు లెక్కల్లోనూ ఎవరూ గట్టిగా వేసుకోలేదు. ఈ కథనం విభజన చరిత్రలో ఇమడదు. ఇమడదు కాబట్టే దాన్ని చాలాకాలం ఎవరూ అడగలేదు.

దళితులు కాగితాల్లో ఎందుకు కనబడరో తెలియాలంటే పరిహారం ఎలా ఇచ్చారో చూడాలి. పశ్చిమ పంజాబ్ నుంచి వచ్చినవాళ్లు అక్కడ ఎంత ఆస్తి వదిలి వచ్చారో క్లెయిమ్ పెట్టుకోవాలి. అధికారులు దాన్ని సరిచూసి ఇక్కడ భూమో సొమ్మో ఇస్తారు. 1950 నాటి క్లెయిమ్‌ల చట్టం, 1954 నాటి పరిహార చట్టం ఈ పద్ధతిలోనే నడిచాయి. పోగొట్టుకున్న ఆస్తి తన పేరు మీద ఉన్నవాడికే అందులో చోటు.

దళితుల పేరు మీద భూమి ఎందుకు లేదు? పంజాబ్‌లో 1900లో బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన భూమి అన్యాక్రాంత నిరోధక చట్టం, 'వ్యవసాయ తెగలు'గా గుర్తించిన కులాల భూమిని బయటి కులాలవాళ్లు కొనకుండా ఆపింది. పొలంలో పనిచేసే దళితులు ఆ జాబితాలో లేరు. ముందు ఒక చట్టం కొనుక్కోనివ్వలేదు. తర్వాత ఇంకో చట్టం, నీకు భూమి లేదు కాబట్టి నీకు నష్టం లేదంది. స్త్రీలదీ ఇదే పరిస్థితి. హిందూ వారసత్వ చట్టం వచ్చింది 1956లో. అంతకుముందు పంజాబ్ ఆచార చట్టం ప్రకారం భూమి మగవాళ్ల పేరునే ఉండేది. ప్రాజెక్టుల కింద ఊళ్లు మునిగిన తెలుగువాళ్లకు, పట్టా లేకపోతే పరిహారం లేదన్న మాట కొత్త కాదు.

కొందరు దళితులకు సరిహద్దు దాటే అవకాశమే దొరకలేదు. పాయిఖానాలు ఎత్తేవాళ్లు వెళ్లిపోతే కరాచీలో పని ఆగిపోతుందని, సింధ్ ప్రభుత్వం వాళ్ల పనిని అత్యవసర సేవగా చూపి ప్రయాణం అడ్డుకుంది. పాకిస్తాన్‌లో చిక్కుకున్న షెడ్యూల్డ్ కులాలవాళ్లను రానివ్వడం లేదని అంబేడ్కర్ 1947 డిసెంబర్‌లో నెహ్రూకు లేఖ రాశారు.

స్త్రీల సంగతికొస్తే, దాదాపు 75,000 మంది రెండువైపులా అపహరణకు గురయ్యారని అంచనా. వాళ్లను వెతికి తేవడానికి 1949లో భారత్ ఒక చట్టం చేసింది. 1947 మార్చి 1కి ముందు ముస్లిం అయి ఉండి, ఆ తేదీ నుంచి కుటుంబానికి దూరమై, ఇతరుల దగ్గర ఉంటున్న స్త్రీ ఏ వయసులో ఉన్నా 'అపహరణకు గురైన వ్యక్తే'. ఆమె ఉంటానంటుందా, వెళ్తానంటుందా అన్నది ఆ నిర్వచనంలో లేదు. మగవాళ్లకైతే పదహారేళ్ల లోపు పిల్లలకే ఇది వర్తిస్తుంది. ఇద్దరు రచయితలు, రీతూ మీనన్, కమలా భసీన్, 'బార్డర్స్ అండ్ బౌండరీస్' పుస్తకంలో ఈ చట్టాన్నే విప్పి చూపారు. అది కూడా 1998లోనే వచ్చింది.

తూర్పున కథ ఎక్కువకాలం సాగింది. పశ్చిమ బెంగాల్ క్యాంపుల్లో తోడుగా మగదిక్కు లేని స్త్రీలను, ముసలివాళ్లను, వికలాంగులను 'పర్మనెంట్ లయబిలిటీ', అంటే శాశ్వత భారం, అనే వర్గంలో వేశారు. తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన నామశూద్రులను చాలామందిని, 1958లో మొదలైన దండకారణ్య ప్రాజెక్టు కింద కోరాపుట్, బస్తర్ అడవులకు పంపారు. బెంగాలీ శరణార్థి కుటుంబాలు ఇప్పటి తెలంగాణలోని కాగజ్‌నగర్ ప్రాంతంలోనూ స్థిరపడ్డాయి.

అక్కడ ఇంకో నష్టం ఉంది. నామశూద్రులు పశ్చిమ బెంగాల్‌లో షెడ్యూల్డ్ కులం. తెలంగాణ ఎస్సీ జాబితాలో ఆ పేరు లేదు. రాజ్యాంగం 341వ అధికరణం ప్రకారం జాబితా రాష్ట్రాలవారీగా ఉంటుంది. ఒక రాష్ట్రంలో ఉన్న హోదా ఇంకో రాష్ట్రానికి వెంట రాదని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రభుత్వమే తెచ్చి కూర్చోబెట్టిన మనుషులకు కుల వివక్ష వెంట వచ్చింది, కుల ధృవపత్రం రాలేదు. దాని దెబ్బ హాస్టల్ సీటు, స్కాలర్‌షిప్ మీద ఆధారపడే ఆడపిల్ల చదువుపై ముందు పడుతుంది.

బుటాలియా పనికి ఒక పరిమితి ఉంది. దళితులను వెతుక్కుంటూ వెళ్లి విన్న పుస్తకం అది. దళిత స్త్రీ తానే కలం పట్టిన పుస్తకం కాదు. ఆ పని బెంగాల్‌లో మొదలైంది. తిట్టుగా వాడే 'చండాల' మాటనే ఇంటిపేరుగా పెట్టుకుని రాస్తున్న కల్యాణీ ఠాకూర్ చారాల్ అందుకు ఒక ఉదాహరణ. కాగజ్‌నగర్ క్యాంపుల ఆడవాళ్ల కథ తెలుగులో రావాల్సి ఉంది. అది రాయబోయేవాళ్లను మేము కోరేది ఒక్కటే: ఏం పోగొట్టుకున్నారని అడిగేముందు, ఏది వాళ్ల పేరు మీద ఉండనిచ్చారో అడగండి.