మరణ కారణము – దాని దాఖలా
నేత కుటుంబములు తెలిసికొనవలసిన సంగతులు

ఇంట ఒకరు పోయినపుడు కాగితముల సంగతి ఎవరికి తోచును? అయినను ఆ దినములలో వ్రాయబడిన ఒక్క మాటపై వెనుక మిగిలినవారి హక్కులు ఆధారపడియుండును. కనుక చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాల నేత కుటుంబములకు ఈ విషయమును వివరింపదలచితిమి.

మరణ పత్రము వేరు, మరణ కారణ పత్రము వేరు. మొదటిది పట్టణమున పురపాలక కచేరీలోను, పల్లెలలో ఆ ఊరి రిజిస్ట్రారు వద్దను దొరకును. అందులో పేరు, తేదీ, స్థలము ఉండును, కారణము ఉండదు. దానిని ఆ ప్రతిలో వెల్లడింపరాదని 1969 నాటి జనన మరణ రిజిస్ట్రేషను చట్టమే చెప్పుచున్నది. రెండవది చికిత్స చేసిన డాక్టరు వ్రాయునది. దీనికి రుసుము లేదు. 2023లో సవరించిన చట్టము ప్రకారము ఆసుపత్రివారు దానిని రిజిస్ట్రారుకు పంపి, ఒక ప్రతిని దగ్గరి బంధువునకు ఇయ్యవలెను. ఇంట మరణించినచో, వైద్యము చేసిన డాక్టరు వ్రాసి యిచ్చినదానిని ఇంటివారే రిజిస్ట్రారుకు అందజేయవలెను.

కారణమును నిర్ణయించు విధము

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏర్పరచిన నమూనాలో కారణములను మెట్లుగా వ్రాయుదురు. పై వరుసలో ప్రాణము తీసిన తక్షణ కారణము, దాని క్రింద దానిని తెచ్చిన జబ్బు, అడుగున అన్నిటికి మొదలైనది. మెదడులో నరము చిట్లి పోయినవానికి పదేండ్లుగా రక్తపోటు ఉండి, దానివలననే నరము చిట్లినచో, రక్తపోటే మూలకారణము. లెక్కలలో చేరునది సాధారణముగా ఈ అడుగు మాటయే. "గుండె ఆగినది" అని మాత్రమే వ్రాసిన చాలదు. ఎవరు పోయినను గుండె ఆగును గదా! అది చావు గుర్తే గాని కారణము గాదు. 2020లో దేశమున నమోదైన మరణములలో డాక్టరు కారణమును ధ్రువీకరించినవి నూటికి సుమారు 22 మాత్రమే.

రోగి పూర్వ చరిత్ర మనము చెప్పిననే డాక్టరుకు తెలియును. రక్తపోటు, చక్కెర, క్షయ చికిత్స చీటీలు, ఎక్స్‌రేలు ఒక కట్టగా దాచి చూపవలెను. ఏండ్ల తరబడి దగ్గు, ఆయాసము ఉన్నచో, ఎన్నేండ్లు నూలు దుమ్ములో పనిచేసినదియు చెప్పవలెను. పత్తి దుమ్ముతో వచ్చు బిస్సినోసిస్ అను ఊపిరితిత్తుల జబ్బును చట్టము వృత్తి వ్యాధిగా అంగీకరించినది. మరణ సమాచార ఫారములో వృత్తికి ఒక గడి కలదు. అందులో "కూలి" అనక "నేత" అని వ్రాయింపుడు. లేనిచో మన వృత్తివారి జబ్బులు ఏ లెక్కకును రావు.

ప్రమాద మరణములు

మరమగ్గము వద్ద కరెంటు తగిలి గాని, పడి గాని, పాము కరచి గాని మరణించినచో, దహనమునకో ఖననమునకో ముందే పోలీసులకు తెలుపవలెను. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 194వ విభాగము ప్రకారము పోలీసులు పంచనామా జరిపి, అవసరమైనచో శవపరీక్షకు పంపుదురు. శవమును కోయుదురను బాధతో కొందరు దాచుదురు. నష్టము వారికే. ప్రధానమంత్రి జీవన జ్యోతి బీమా జబ్బుచే పోయినను 2 లక్షల రూపాయలిచ్చును. సురక్షా బీమా ప్రమాద మరణమునకే 2 లక్షలిచ్చును. రెండవదానికి ప్రమాదమని రుజువు చూపవలెను. పోలీసు దాఖలా, శవపరీక్ష నివేదిక లేనిచో రుజువు కష్టము.

గడువు

మరణమును 21 దినములలోగా తెలుపవలెను. ఇంట జరిగినచో ఇంటి పెద్దయు, ఆసుపత్రిలో జరిగినచో ఆసుపత్రివారును బాధ్యులు. గడువు దాటినచో రుసుము, ఏడాది దాటినచో మేజిస్ట్రేటు ఉత్తరువు కావలసివచ్చును.

ఇచ్చట కచేరీ కాగితములు కన్నడమునను, డాక్టరు వ్రాత ఇంగ్లీషునను ఉండును. చదువుకొన్న పిల్లలచే చదివించుకొని, పేరు, తేదీ, వృత్తి సరిచూచిన పిమ్మటనే సంతకము గాని వ్రేలిముద్ర గాని వేయవలెనని మా మనవి.