దీపం ఆరకముందే...

అనుమసముద్రంపేటలో ఒక గృహప్రార్థన ముగించుకొని బయల్దేరబోతుండగా కరెంటు పోయింది. ఆ ఇంటి చిన్నవాడు తల్లి కొంగు వదలడు. గోడమీద ఎవరో కదులుతున్నారంటాడు. ఆ తల్లి చందమామ పాట ఎత్తుకోబోయి, మమ్మల్ని చూసి టక్కున ఆపేసింది. ఎందుకో మాకు తెలుసు. విశ్వాసుల ఇళ్లలో కీర్తనలే వినబడాలని బోధించింది మేమే. సండే స్కూలు పిల్లల్ని నరకాగ్ని పేరు చెప్పి కుదురుగా కూర్చోబెట్టిందీ మేమే!

స్కాట్లాండు రచయిత రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ బాల్యంలో తరచూ దగ్గుతో, జ్వరంతో మంచం పట్టేవాడు. అతని దాది ఆలిసన్ కన్నింగ్‌హామ్ గొప్ప భక్తురాలు. ఆమె చెప్పిన నరకం సంగతులకు ఆ పసివాడు నిద్రపోవడానికే జడిసేవాడు. అయితే అదే దాది రాత్రివేళ అతణ్ని ఎత్తుకొని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, దూరాన దీపాలు వెలుగుతున్న ఇళ్లను చూపించేది. అక్కడా జబ్బుపడిన పిల్లలెవరో తెల్లవారడం కోసం ఎదురుచూస్తున్నారేమోనని ఇద్దరూ చెప్పుకునేవారట. 1885లో వెలువడిన తన పిల్లల పద్యాల పుస్తకాన్ని స్టీవెన్సన్ ఆమెకే అంకితమిచ్చాడు. అందులో రాత్రి పూట పడక పడవవుతుంది!

బాలుడైన సమూయేలు కూడా మందిరంలో దీపం ఆరకముందే పడుకొని, తనను పిలిచిన స్వరం విని మూడుసార్లు ఏలీ దగ్గరికి పరుగెత్తాడు (1 సమూ. 3వ అధ్యాయం). వృద్ధుడైన ఏలీ కసరలేదు, బెదిరించలేదు. వెళ్లి పడుకోమన్నాడు.

"పాడమ్మా" అన్నాం ఆ తల్లితో. ఆమె సంకోచిస్తూనే అందుకుంది. కాసేపటికి వాడు గోడవైపు చూడడం మానేశాడు. చప్పుడు కాకుండా మేము చెప్పులు చేతపట్టుకొని బయటికొచ్చాం.