పైన వంతెన రాలేదు, కింద రోడ్డు పోయింది

సాయంత్రం ఐదయిందంటే మా నాన్న రోడ్డు దాటేవాడు. మా ఇల్లు బోడుప్పల్ వైపు. ఆయన దోస్తు, రిటైరైన లెక్కల సారు, ఉండేది పీర్జాదిగూడ వైపు. మధ్యలో వరంగల్ హైవే. అవతల ఒక చాయ్ హోటల్, దాని ముందు సిమెంటు బెంచీ, రెండు చాయ్‌లు, చెరి సగం ఉస్మానియా బిస్కెట్. ఏళ్ల తరబడి నడిచిన ముచ్చట అది. బళ్లు అప్పుడూ ఎక్కువే. కానీ రోడ్డుకు ఒక అంచు ఉండేది. అంచున మనిషి నిలబడేందుకు జాగా ఉండేది. డివైడర్ దాకా వెళ్లి ఊపిరి పీల్చుకుని మిగతా సగం దాటేవాళ్లం. ఇప్పుడు ఆ డివైడర్ ఉన్నచోట పిల్లర్లున్నాయి.

2018 మే 5న కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ హైదరాబాద్‌లో కొన్ని రోడ్డు పనులకు శంకుస్థాపన చేశారు. అందులో ఒకటి ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఆరు కిలోమీటర్ల పైచిలుకు ఎలివేటెడ్ కారిడార్. అంచనా 600 కోట్ల రూపాయల పైమాటే. 2020 కల్లా అయిపోతుందన్నారు. ఆ వార్త చదివిన రోజు మా కాలనీలో అందరికీ సంతోషమే. ఉప్పల్‌లో అప్పటికే మెట్రో వచ్చింది, వంతెన కూడా వస్తే ఇక నగరంలో ఉన్నట్టేనని అనుకున్నాం. అంబర్‌పేట వంతెనకు శంకుస్థాపన జరిగిందీ అదే రోజు. దాన్ని సరిగ్గా ఏడేళ్లకు, 2025 మే 5న లాంఛనంగా ప్రారంభించారు. ఆ రోజు సాయంత్రం నేను ఉప్పల్ రింగురోడ్డు నుంచి ఇంటికి వస్తూ మా వైపు పిల్లర్లు చూశాను. కొన్నిటి తలమీద దిమ్మె ఉంది, కొన్నిటికి అదీ లేదు, పైకి పొడుచుకొచ్చిన ఇనుప చువ్వలు తుప్పుపట్టి ఎర్రబారాయి. వానలకు ఆ తుప్పు కారి సిమెంటు మీద చారలు కట్టింది.

వంతెన ఆలస్యం గురించి రాయాలని నేను కూర్చోలేదు. భూసేకరణ తెమల్లేదని ఒక ఏడు, కరెంటు లైన్లు, నీళ్ల పైపులు మార్చాలని ఇంకో ఏడు, కాంట్రాక్టరు దగ్గర డబ్బు ఆడటం లేదని మరో ఏడు విన్నాం. వాటిలో నిజం లేకపోలేదు. పెద్ద పనులకు ఆలస్యాలు అవుతాయి, ఆ మాత్రం ఓపిక మాకుంది. నాకు మింగుడుపడనిది వేరే. పైన కట్టే పని ఆగిందని కింద ఉన్న రోడ్డును కూడా వదిలేశారు. వంతెన లేకుండానే తాతల కాలం నుంచి నడిచిన దారి ఇది. లేని వంతెన కోసం ఉన్న రోడ్డు పోగొట్టుకున్నాం.

అదెలా పోయిందో దగ్గరగా చూసినవాణ్ని కాబట్టి చెబుతాను. పిల్లర్లు మధ్యలో లేస్తాయి. వాటి చుట్టూ రేకులు కడతారు. ఆ రేకులు అటో వరుస, ఇటో వరుస మింగుతాయి. అటు పోవాల్సిన బండ్లు పక్కకు జరిగి, తారు లేని అంచు మీదికి ఎక్కుతాయి. లారీల బరువు మోయడానికి వేసింది కాదు ఆ అంచు. ఒక్క వానాకాలానికే కుంగింది. పక్కన మోరీ ఎక్కడికక్కడ తెగి ఉంది, నీళ్లు పోవడానికి దారి లేదు, రోడ్డు మీదే నిలుస్తాయి. తారుకు నీరే శత్రువు. చిన్న పగుళ్లలోంచి దిగి కంకరను పట్టున్నచోటి నుంచి వదులు చేస్తుంది, ఆ మీదట పోయే ప్రతి చక్రం కొన్ని రాళ్లు పెకిలించుకుపోతుంది. గుంత పడుతుంది. ఫిర్యాదులు వెళ్తే ఒక రాత్రి టిప్పర్ వచ్చి క్రషర్ డస్ట్ పోసి చదును చేసి పోతుంది. ఎండ కాస్తే ఆ డస్ట్ లేచి ఇళ్లలోకి వస్తుంది, వాన పడితే బురదయి కొట్టుకుపోతుంది. గుంత మళ్లీ తేలుతుంది, ఈసారి ఇంకాస్త వెడల్పుగా.

మా స్టాపు దగ్గర ఒకామె టిఫిన్ బండి పెడుతుంది. ఇడ్లీ గిన్నె మీద మూత, మూత మీద తడిగుడ్డ, చట్నీ డబ్బాలన్నిటి మీదా ప్లాస్టిక్ కవరు. ఎవరైనా అడిగితేనే ఒక్కో కవరు ఎత్తి, గరిటెతో తీసి, వెంటనే కప్పేస్తుంది. ఒక ప్లేటు ఇవ్వడానికి ఆమె చేతులు ఎన్నిసార్లు కప్పి ఎన్నిసార్లు తీస్తాయో ఒకరోజు లెక్కపెట్టాను: తొమ్మిది సార్లు. "ఇదివరకు గంటలో యాభై ప్లేట్లు ఇచ్చేదాన్నన్నా. ఇప్పుడు ముప్పై దాటితే గొప్ప. దుమ్ము తినబెట్టలేను కదా" అంది. ఆమె బండికి ఎదురుగా ఉన్న బట్టల షాపాయన బయట వేలాడదీయడమే మానేశాడు. అద్దాల తలుపు మూసి లోపల లైట్లు వేసుకుని కూర్చుంటాడు. లోపల మనిషి ఉన్నాడో లేడో తెలియక జనం దాటిపోతారు.

ఈ రోడ్డు మా ఒక్కరిదే అయితే ఇంతగా మాట్లాడేవాణ్ని కాదేమో. 163వ నంబరు జాతీయ రహదారి ఇది. భువనగిరి, జనగామ, హనుమకొండ, ములుగు ప్రజలందరికీ హైదరాబాద్ గడప. యాదగిరిగుట్టకు పోయే భక్తులు, రెండేళ్లకోసారి మేడారం జాతరకు బెల్లం తట్టలతో బయల్దేరే కుటుంబాలు, పోచారం ఐటీ కంపెనీల బస్సులు, బీబీనగర్ ఎయిమ్స్‌కు వెళ్లే రోగులు, అందరిదీ ఇదే దారి. వరంగల్ నుంచి నాలుగు వరుసల మీద హాయిగా వచ్చిన బండి నారపల్లి దగ్గర ఆగుతుంది. అక్కడి నుంచి ఉప్పల్ ఆరేడు కిలోమీటర్లు. ఆఫీసు వేళల్లో ఆ ముక్కకు గంట పట్టిన రోజులు నాకు లెక్కలేనన్ని. వెనక అంబులెన్స్ కూత వినిపిస్తుంది, అందరికీ పక్కకు జరగాలనే ఉంటుంది, జరగడానికి ఒకవైపు రేకులు, ఒకవైపు గుంత.

బస్సు సంగతి. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో టికెట్ లేదు. మా కాలనీలో ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లకు, హబ్సిగూడ వైపు షాపుల్లో నిలబడి పనిచేసే పిల్లలకు అది నెలకు వెయ్యి, పన్నెండు వందలు మిగిల్చింది. ఆ మేలు నేను కళ్లారా చూశాను. అయితే బస్సు ఎక్కడ ఆగుతుందో తెలియాలి కదా. స్టాపు రేకు ఒకచోట ఉంటుంది, దాని ముందు నీళ్లుంటాయి, డ్రైవర్ యాభై గజాలు ముందుకు పోయి రోడ్డు మధ్యలోనే ఆపుతాడు. ఆయన తప్పు పట్టలేం, అంచుకు వస్తే బస్సు ఒరుగుతుంది. చంకలో పిల్ల, చేతిలో సంచీతో ఆడవాళ్లు బైకుల మధ్యలోంచి పరుగెత్తి ఎక్కాలి. పరుగెత్తలేనివాళ్లు షేర్ ఆటోకు డబ్బులిచ్చి పోతున్నారు. ఉచిత బస్సు కళ్లముందే పోతుంటే డబ్బులిచ్చి ఆటో ఎక్కే ముసలమ్మ మొహం చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

ఇక ఇళ్ల సంగతి చెప్పాలి, ఎందుకంటే రోడ్డు కష్టానికి సగం కారణం మా కాలనీలు పుట్టిన తీరులోనే ఉంది. బోడుప్పల్, పీర్జాదిగూడ, మేడిపల్లి నిన్నమొన్నటి దాకా గ్రామ పంచాయతీలు. 2016లో బోడుప్పల్, పీర్జాదిగూడ మున్సిపాలిటీలయ్యాయి, 2019లో కార్పొరేషన్లు. మాలాంటి మధ్యతరగతివాళ్లు ఇక్కడికి వచ్చింది తార్నాకలో, హబ్సిగూడలో కొనలేకే. ఒక రైతు ఐదెకరాలు అమ్మితే అందులో ఒక లేఅవుట్, పక్క రైతు నాలుగెకరాలు అమ్మితే ఇంకో లేఅవుట్. ఎవరి హద్దు వారిది. ఒకరి ఇరవై అయిదు అడుగుల రోడ్డు పక్కవారి గోడ దగ్గర ఆగిపోతుంది. ప్రతి కాలనీకి ఒక్కటే నోరు, అది హైవే మీదికే తెరుచుకుంటుంది. దువ్వెన పళ్లు ఎలా ఉంటాయో మా కాలనీలు అలా ఉన్నాయి. ఒక పన్ను నుంచి పక్క పన్నుకు పోవాలంటే వెన్ను మీదికి రావాల్సిందే. మా పాప స్కూలు మా ఇంటి వెనక గోడకు నాలుగు వందల మీటర్లలో ఉంటుంది. గోడ దాటి దారి లేదు. హైవే ఎక్కి, యూటర్న్ తిరిగి, మళ్లీ దిగి వెళ్తే రెండున్నర కిలోమీటర్లు.

2020 ఆగస్టు 31న లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం (ఎల్‌ఆర్‌ఎస్) జీవో వచ్చినప్పుడు మేమంతా వెయ్యి రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టుకున్నాం. మా ప్లాటు సక్రమమైతే కాలనీ కూడా సక్రమమవుతుందని ఆశ. కానీ ఒక్కో ప్లాటును విడిగా క్రమబద్ధం చేస్తే కాలనీకి కాలనీకి మధ్య దారి పుట్టదు. రెండు గోడలు పగలగొట్టి ఇరవై గజాల జాగా తీసుకుని కలిపితే మా పిల్లలు హైవే మొహం చూడకుండా బడికి పోతారు. ఇన్నేళ్లలో ఏ కాగితంలోనూ ఆ ఆలోచన నాకు కనపడలేదు. ఈలోగా రెండంతస్తుల ఇళ్లు పోయి స్టిల్టు మీద ఐదంతస్తులు లేస్తున్నాయి. ఒక ఇంటివాళ్లున్న చోట పది ఇళ్లవాళ్లు, పది కార్లు, పది నీళ్ల ట్యాంకర్లు. అన్నీ అదే నోట్లోంచి బయటికి రావాలి.

నీళ్ల దారి కూడా ఇంతే. 2020 అక్టోబరు 13న ఘట్‌కేసర్ దగ్గర ఒక్కరోజులో 32 సెంటీమీటర్ల వాన కురిసింది. ఆ రాత్రి మా వీధిలో నడుము లోతు నీళ్లు. వాగును పూడ్చి ప్లాట్లు చేసినచోట వాగు తన దారి వెతుక్కుంది. పిల్లర్ల కోసం తవ్విన గుంతలేవో, రోడ్డేదో తెలియలేదు. తెల్లారాక చూస్తే రేకులు కొట్టుకుపోయి అడ్డంగా పడున్నాయి.

మా ఇంటికి వచ్చిన దెబ్బ 2022 జులైలో తగిలింది. ముసురు పట్టిన సాయంత్రం. నాన్నను స్కూటీ వెనక కూర్చోబెట్టుకుని మందుల షాపు నుంచి వస్తున్నాను. గుంత నీళ్లతో నిండి రోడ్డుతో సమంగా కనిపించింది. ముందు చక్రం దిగిందన్న సంగతి నాకు తెలిసేలోపు నాన్న కింద ఉన్నాడు. వెనక వస్తున్న డీసీఎం డ్రైవర్ బ్రేకు వేయగలిగాడు కాబట్టి ఆయన ఇవాళ మాతో ఉన్నాడు. భుజం ఎముక విరిగింది. ఆస్పత్రిలో ఆయన నన్ను అడిగిన మొదటి మాట, "స్కూటీకి ఏం గాలేదు గదా బిడ్డా?" ఆ తర్వాత నేను దరఖాస్తు పట్టుకుని తిరిగాను. ఇది జాతీయ రహదారి, మా పరిధి కాదని ఒక ఆఫీసులో చెప్పారు. ఇంకో ఆఫీసులో, కాంట్రాక్టు నడుస్తుండగా రోడ్డు బాగోగులు కట్టేవాళ్లవే అన్నారు. కట్టేవాళ్ల షెడ్డు దగ్గరికి పోతే వాచ్‌మన్ ఒక్కడే ఉన్నాడు. కుర్చీ వేసి కూర్చోమన్నాడు, మంచినీళ్లిచ్చాడు. మూడు నెలలుగా తనకూ జీతం రాలేదని చెప్పాడు.

మేం అడుగుతున్నవి పెద్దవి కావు. మళ్లీ టెండర్లు పిలుస్తారో, కొత్త కాంట్రాక్టరు వస్తాడో, అది జరగాల్సినప్పుడు జరగనీ. పనిలేని చోట రేకులు తీసి ఆ వరుస మాకు తిరిగివ్వండి. రెండు అంచులా బరువు మోసే తారు వేయండి. దానికంటే ముందు మోరీని కలపండి, లేకపోతే ఎంత తారు వేసినా వచ్చే వానాకాలమే. బస్సు ఆగే చోట ముప్పై గజాల సిమెంటు గచ్చు, దాటే చోట ఒక సిగ్నల్. వాచ్‌మన్‌కు జీతం. ఆరు వందల కోట్ల పనిలో ఇది చిల్లర కింద లెక్క. రోడ్డు ఎవరిదన్న వాదన ఆఫీసులు తమలో తాము తేల్చుకోవాలి. దాని మీద నడిచేవాణ్ని ఈ గడపకూ ఆ గడపకూ తిప్పకూడదు. వంతెన పైన పోయేవాళ్లు దూరపువాళ్లు. వాళ్లూ సుఖంగా పోవాలి. కింద మాత్రం ఎప్పటికీ మేమే ఉంటాం, వంతెన పూర్తయిన తర్వాత కూడా. మా బడి, మా కూరగాయల బండి, మా బస్సు కిందే ఉంటాయి. ఆ కింది రోడ్డును పనిలో భాగంగా కాక అడ్డంకిగా చూసినన్నాళ్లూ వంతెన వచ్చినా మా బతుకు మారదు.

నాన్న భుజం అతుక్కుంది, చెయ్యి పూర్తిగా పైకి లేవదు. రోడ్డు దాటడం అమ్మ మాన్పించింది. అవతల లెక్కల సారుకూ మోకాళ్లు పట్టేశాయి, ఆయన్ను వాళ్ల కోడలు రానివ్వదు. ఇద్దరి ఇళ్ల మధ్య దూరం గట్టిగా కొలిస్తే అర కిలోమీటరు. మొన్న దసరాకు జమ్మి ఆకు పెట్టి అలాయ్ బలాయ్ తీసుకోవాలని నాన్న పట్టుబడితే కారులో తీసుకెళ్లాను. యూటర్న్ కోసం చాలా దూరం పోయి తిరిగి రావాల్సి వచ్చింది, నలభై నిమిషాలు పట్టింది. వాళ్లిద్దరూ గుమ్మంలోనే పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఇప్పుడు ఐదు గంటలకు అమ్మ చాయ్ పెడుతుంది. నాన్న గ్లాసు పట్టుకుని డాబా మీదికి ఎక్కుతాడు. అక్కడి నుంచి పిల్లర్ల వరుస కనిపిస్తుంది, వాటి సందులోంచి అవతలి హోటల్ బోర్డులో సగం. ఫోన్ చెవికి పెట్టుకుని, "ఏం సారూ, తాగుతున్నవా?" అంటాడు.