ఆదివారం వచ్చే బస్సు

కార్మికవాడల పిల్లలను ప్రార్థనాలయానికి చేర్చడానికి ఏర్పడిన ఒక చిన్న సౌకర్యం అమెరికాలో మహోద్యమంగా మారింది. దాని విజయం ఎంత ఆసక్తికరమో, దానికి చెల్లించిన మూల్యం అంత ఆలోచింపదగినది.

శనివారం ఉదయం. అమెరికాలోని ఒక పారిశ్రామిక పట్టణంలో అద్దె ఇళ్ల వరుస. చేతిలో చిన్న నోటుపుస్తకంతో ఒక మనిషి ఇంటింటి తలుపూ తడుతున్నాడు. అమ్మడానికి అతని వద్ద వస్తువేదీ లేదు. వసూలు చేయవలసిన బాకీ లేదు. అతడు అడిగేది ఒక్కటే: రేపు ఉదయం పిల్లలను పంపగలరా? బస్సు ఈ వీధి మొగలోనే ఆగుతుంది. మధ్యాహ్నానికి మళ్లీ ఇంటి వద్దనే దింపుతుంది.

1960, 1970 దశకాలలో అమెరికాలోని వేలాది పేటలలో ఈ దృశ్యం వారం వారం కనిపించేది. దీనికి చర్చి పరిభాషలో బస్సు పరిచర్య అని పేరు. తల్లిదండ్రులు చర్చి ముఖం చూడకపోయినా, పిల్లలను మాత్రం ఆదివారపు బడికి చేర్చే ఏర్పాటు ఇది. ముఖ్యంగా బాప్టిస్టు సంఘాలు దీనిని చేపట్టి, ఊహించని హాజరును సాధించాయి.

ఈ ఆలోచనకు మూలం బస్సుకన్న చాలా పురాతనమైనది. 1780లో ఇంగ్లండులోని గ్లాస్టర్ పట్టణంలో రాబర్ట్ రైక్స్ అనే పత్రికా ప్రచురణకర్త, పనిలో మగ్గే పేదపిల్లల కోసం ఆదివారపు బడిని నెలకొల్పాడు. వారంలో ఆరు రోజులు పనిచేసే ఆ పిల్లలకు ఆదివారం ఒక్కటే విరామం. ఆ ఒక్క రోజున వారికి చదవడం నేర్పాలన్నది అతని సంకల్పం. అంటే ఆదివారపు బడి పుట్టినదే చర్చికి అలవాటుపడిన కుటుంబాల పిల్లల కోసం కాదు, వీధిలో మిగిలిపోయిన పిల్లల కోసం.

రెండవ ప్రపంచ యుద్ధానంతరం అమెరికాలో ఆ బడికీ, వీధిలోని పిల్లలకూ మధ్య దూరం మరింత పెరిగింది. కారు కొనగలిగిన కుటుంబాలు నగరాలు విడిచి శివార్లకు తరలిపోయాయి. కారు లేని ఇళ్లలోని పిల్లలకు ఆదివారం నాడు అయిదు మైళ్ల దూరంలోని చర్చి కూడా అందనిదయింది. ఆ దూరాన్ని జయించే సాధనం మాత్రం దేశమంతటా సిద్ధంగానే ఉంది. 1939లో కొలంబియా విశ్వవిద్యాలయంలో ఫ్రాంక్ సిర్ ఆధ్వర్యంలో జరిగిన సమావేశం పాఠశాల బస్సులకు ఏకరూప ప్రమాణాలను నిర్ణయించింది. తెల్లవారుజాము మసక వెలుతురులో సైతం స్పష్టంగా కనబడే పసుపు రంగు అప్పుడు ఎంపికైనదే. పాఠశాలలు వాడి వదిలేసిన ఆ బస్సులు చౌకగా దొరికేవి. సంఘాలు వాటిని కొని, వేరే రంగు పూసి, పక్కన తమ పేరు రాసుకున్నాయి.

హామండ్ ఉదాహరణ

ఈ ఉద్యమానికి ప్రతీకగా నిలిచినది ఇండియానా రాష్ట్రంలోని హామండ్ పట్టణం. షికాగోకు ఆనుకుని, ఉక్కు కర్మాగారాల నడుమ ఉన్న ఊరది. 1959లో జాక్ హైల్స్ అక్కడి ఫస్ట్ బాప్టిస్టు చర్చికి సంఘకాపరిగా వచ్చాడు. ఆయన కాలంలో ఆ సంఘం బస్సులు చుట్టుపక్కల పట్టణాలకూ, షికాగో పేటలకూ వెళ్లనారంభించాయి. 1975లో టైమ్ వారపత్రిక ఈ చర్చిని గురించి ప్రత్యేకంగా వ్రాసింది. సండే స్కూలు హాజరు 14,000కు చేరువలో ఉన్నదనీ, 230 బస్సులు, వేయిమంది కార్యకర్తలు ఆదివారానికి పదివేల మంది వరకు చేరవేస్తున్నారనీ ఆ పత్రిక పేర్కొంది. అదే సంవత్సరం మార్చి 16న రెండు జట్ల పోటీ ఫలితంగా హాజరు 30,560కి చేరినదట!

ఇంతటి జనం ఎలా వచ్చారు? దీని రహస్యం ఇంజనులో లేదు. ప్రతి బస్సుకూ డ్రైవరు కాక ఒక నాయకుడు ఉండేవాడు. అతనిని బస్సు కెప్టెను అనేవారు. ఆదివారం నిండే బస్సు శనివారమే నిండుతుందని ఈ పనిలో తలపండినవారికి తెలుసు. అందుచేత కెప్టెను శనివారం కొన్ని గంటలు తన దారిలోని ప్రతి ఇంటికీ వెళ్లేవాడు. ఎవరి పుట్టినరోజు ఎప్పుడు, ఎవరికి జ్వరం, ఏ ఇంట్లో తండ్రికి పని పోయింది మొదలైన సంగతులన్నీ అతని నోటుపుస్తకంలో ఉండేవి. కిందటి వారం రాని పిల్లవాని ఇంటికి వెళ్లడం మరీ ముఖ్యం. ఎందుకు రాలేదని ప్రశ్నించడానికి కాదు, రాకపోవడం ఒకరి కంటబడిందని తెలియజేయడానికి.

రెండవ మెలకువ విభజన. ఒక దారిలో బస్సు కిక్కిరిసిపోతే, ఆ దారిని రెండుగా చీల్చి రెండు బస్సులు నడిపేవారు. ఖాళీ సీట్లు కనబడగానే కెప్టెనుకు మళ్లీ తిరగవలసిన పని ఏర్పడేది. మూడవది, పిల్లలకు వేరుగా జరిపే ఆరాధన. తల్లిదండ్రులు పక్కన లేని పిల్లలు పెద్దల ప్రసంగం పూర్తయ్యేవరకు కదలక కూర్చోలేరు. వారి వయసుకు తగిన పాటలు, కథలు, బొమ్మలు కావలసి వచ్చాయి.

తాయిలాలూ తగాదాలూ

నాలుగవ ఉపాయం వద్దనే వివాదం పుట్టింది. మిఠాయిలు, బొమ్మలు, గాలిపటాలు, పోటీలలో బహుమతులు అనేక చోట్ల ఆనవాయితీ అయ్యాయి. తాయిలం కోసం వచ్చినా పిల్లవాడు మంచిమాట విని వెళతాడని సమర్థకులు వాదించారు. తాయిలం ఒక వారమే పనిచేస్తుందనీ, మరుసటి వారం అంతకన్న పెద్దది చూపవలసి వస్తుందనీ విమర్శకులు సమాధానమిచ్చారు. రికార్డు నెలకొన్న ఆదివారం తరువాతి ఆదివారపు అంకెను చూస్తే ఈ విమర్శలోని బరువు అర్థమవుతుంది. పోటీ ముగిసినప్పుడు మిగిలేది కెప్టెను పేరుపేరునా ఎరిగిన పిల్లలే.

సంఘాల లోపల సైతం సణుగుడు లేకపోలేదు. గోడల మీద మరకలు, నడవలలో అల్లరి, తల్లిదండ్రుల నుండి పైసా కానుక రాని పిల్లల కోసం ఇంత ఖర్చా అన్న ప్రశ్న. 1973 నాటి చమురు సంక్షోభంతో ఇంధనం ధర మండిపోయింది. మరమ్మతులు, బీమా భారమయ్యాయి. క్రమంగా అనేక సంఘాలు బస్సులను అమ్ముకున్నాయి. కొనసాగినవి కొన్నే.

మే 14, 1988

కాని డబ్బుతో కొలవలేని ప్రశ్న ఒకటి ఉంది. వేరొకరి బిడ్డను బండి ఎక్కించుకున్నవాడు ఆ బిడ్డకు ఎంతవరకు బాధ్యుడు? 1988 మే 14, శనివారం రాత్రి కెంటకీ రాష్ట్రంలో ఈ ప్రశ్న దారుణమైన రూపం ధరించింది. రాడ్‌క్లిఫ్ పట్టణంలోని ఒక చర్చికి చెందిన బస్సు, ఒహైయోలోని ఒక వినోదోద్యానం నుండి 67 మందితో తిరిగి వస్తోంది. ఆదివారపు రవాణా కాదది, పిల్లల విహారయాత్ర. కారల్టన్ సమీపంలో, తాగిన మత్తులో ఎదురుదారిన వస్తున్న ఒక పికప్ ట్రక్కు దానిని ఢీకొన్నది.

ఢీకొన్న దెబ్బకు ప్రాణాలు పోలేదు. ముందు తలుపు పక్కనే ఉన్న ఇంధనపు ట్యాంకు చిల్లిపడి మంటలు లేచాయి. ముందు దారి మూసుకుపోయింది. మిగిలినది వెనుక తలుపు ఒక్కటే. సీట్ల మధ్య ఇరుకు నడవలో పిల్లలు ఒకరిపై ఒకరు పడిపోయారు. 24 మంది పిల్లలు, ముగ్గురు పెద్దలు మరణించారు. ఆ బస్సు ఒకప్పటి పాఠశాల బస్సే. ఇంధనపు ట్యాంకుకు రక్షణ కల్పించే సమాఖ్య ప్రమాణాలు 1977 ఏప్రిల్ 1న అమలులోకి రాగా, ఈ బస్సు అంతకు కొద్ది రోజుల ముందే తయారయింది. చట్టరీత్యా దానిలో లోపం లేదు. ఆ కొద్ది రోజుల తేడా ఎంతమంది ప్రాణాలు తీసిందో కెంటకీ మరచిపోలేదు. పాఠశాల బస్సులకు అదనపు అత్యవసర ద్వారాలను, మంటకు తట్టుకునే సీట్లను ఆ రాష్ట్రం తప్పనిసరి చేసింది.

పెద్ద బస్సులకు బదులు పదిహేను మంది పట్టే వ్యానులను ఆశ్రయించిన సంఘాలకు 2001లో మరొక హెచ్చరిక వచ్చింది. ఇటువంటి వ్యానులో పదిమంది, అంతకు మించి ఎక్కినప్పుడు అది బోల్తాపడే అవకాశం దాదాపు మూడు రెట్లని అమెరికా రహదారి భద్రతా సంస్థ ప్రకటించింది. నిండిన బండిని చూసి సంతోషించడానికి అలవాటుపడినవారికి ఇది కొత్త పాఠం.

ఇంతలో న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో బిల్ విల్సన్ 1980లో ప్రారంభించిన పని ఈ పద్ధతిని మరొక మలుపు తిప్పింది. పేద పేటల పిల్లలను బస్సులలో తెచ్చే సండే స్కూలుతో పాటు, బడినే వీధిలోకి తీసుకువెళ్లే ఏర్పాటు అక్కడ రూపొందింది. ట్రక్కు ఒకటి కాలిబాట పక్కన ఆగుతుంది. దాని పక్క తలుపు కిందికి దిగి వేదికగా మారుతుంది. పిల్లలు తమ ఇంటి ముందే కూర్చుని పాటలు పాడుతారు. అయితే వారం వారం ఇంటికి వెళ్లి పలకరించే పాత నియమాన్ని మాత్రం ఆ సంస్థ వదలలేదు.

నేడు బస్సులు నడుపుతున్న సంఘాలలో జాగ్రత్తలు పెరిగాయి. తల్లిదండ్రుల లిఖిత అనుమతి, కార్యకర్తల పూర్వచరిత్ర విచారణ, పిల్లలతో ఒంటరిగా ఒక పెద్ద ఉండకూడదన్న నిబంధన చాలాచోట్ల అమలులో ఉన్నాయి. వీటన్నిటికన్న సాదా నియమం మరొకటుంది. ఉదయం బస్సు ఎక్కిన పిల్లలను లెక్కించి వ్రాసుకోవాలి. మధ్యాహ్నం దింపిన పిల్లలను తిరిగి లెక్కించాలి. చివరి ఇంటి వద్ద ఆగిన తరువాత డ్రైవరు లేచి, వెనుక సీటు వరకు నడిచి, ప్రతి సీటు కిందా చూడాలి. హాజరుపట్టీలో ఉదయపు అంకెకు ఎంత ప్రచారం లభించినా, ఇంటి గుమ్మంలో ఎదురుచూసే తల్లికి కావలసినది ఆ రెండవ అంకె.