కంప్యూటర్ వ్యవస్థల పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్: ధర కంటే లెక్కింపు విధానమే కీలకం

ఆస్పత్రి బిల్లింగ్ కౌంటరు వద్దనో, టికెట్ల కౌంటరు వద్దనో వరుసలో నిలబడిన వారికి “సర్వర్ పనిచేయడం లేదు” అన్న సమాధానం తరచుగా వినిపిస్తూ ఉంటుంది. ఇటువంటి అంతరాయాలలో అనేకం ముందస్తు సంకేతాలు లేకుండా సంభవించేవి కావు. డిస్కు క్రమంగా నిండిపోవడం, మెమరీపై భారం పెరగడం, నెట్‌వర్క్ వేగం మందగించడం వంటి సూచనలు ముందే కనిపిస్తాయి. వాటిని రేయింబవళ్లు గమనిస్తూ, పరిమితి దాటిన వెంటనే సిబ్బందిని ఎస్ఎంఎస్ లేదా ఈ-మెయిల్ ద్వారా అప్రమత్తం చేసేదే పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్.

అయితే ఈ సాఫ్ట్‌వేర్ కొనుగోలులో కొటేషన్‌లోని మొత్తాన్ని మాత్రమే చూసి నిర్ణయం తీసుకుంటే ఇబ్బందులు తప్పవు. వ్యవస్థ విస్తరించి లైసెన్సులు చాలనప్పుడు కొన్ని యంత్రాలను పర్యవేక్షణ నుండి తొలగించవలసిన పరిస్థితి ఏర్పడుతుంది. ఆ విధంగా వెలుపల మిగిలిపోయిన యంత్రమే ఒకనాడు మొత్తం సేవలను స్తంభింపజేసే ప్రమాదం ఉంది.

దేనిని లెక్కిస్తారు?

లైసెన్సు రుసుము నిర్ణయించడానికి తయారీదారులు వేర్వేరు కొలమానాలను అనుసరిస్తున్నారు. చెన్నై కేంద్రంగా గల జోహో సంస్థకు చెందిన మేనేజ్‌ఇంజిన్ విభాగపు ఆప్‌మేనేజర్ పరికరాల సంఖ్యను ప్రాతిపదికగా తీసుకుంటుంది. పీఆర్‌టీజీ సాఫ్ట్‌వేర్ సెన్సార్లను, అనగా గమనించే ఒక్కొక్క అంశాన్ని లెక్కిస్తుంది. డేటాడాగ్ వంటి క్లౌడ్ సేవలు ఒక్కో హోస్టుకు నెలవారీ రుసుము వసూలు చేస్తాయి. స్ప్లంక్ వంటి లాగ్ విశ్లేషణ సాఫ్ట్‌వేర్‌లో రోజూ చేరే సమాచార పరిమాణాన్ని బట్టి వెల నిర్ణయించే పద్ధతి ప్రధానంగా ఉంది.

ఉదాహరణకు ఒక సంస్థలో 40 సర్వర్లు, 48 పోర్టుల చొప్పున గల 8 స్విచ్‌లు ఉన్నాయనుకుంటే, పరికరాల లెక్కన 48 లైసెన్సులు సరిపోతాయి. సెన్సార్ల లెక్కన సర్వరుకు 5 అంశాల చొప్పున 200, అన్ని పోర్టులకు 384, మొత్తం 584 అవుతాయి. కార్యాలయం ఒక్కటే అయినా లెక్క 12 రెట్లు మారింది. కాబట్టి ఒక్క యూనిట్ ధరను మరొక సంస్థ యూనిట్ ధరతో పోల్చడం అర్థరహితం.

శాశ్వత లైసెన్సా, చందా విధానమా?

శాశ్వత లైసెన్సుకు ఒకేసారి మూల్యం చెల్లించాలి. తదుపరి సంవత్సరాలలో నవీకరణలు, సాంకేతిక సహాయం కోసం సాధారణంగా లైసెన్సు ధరలో 20 శాతం అటూ ఇటూగా వార్షిక నిర్వహణ రుసుము ఉంటుంది. దానిని చెల్లించకపోయినా సాఫ్ట్‌వేర్ పనిచేస్తుంది కానీ, భద్రతా లోపాలను సవరించే నవీకరణలు అందవు. చందా విధానంలో గడువు ముగిసిన పిదప వినియోగ హక్కు కూడా ముగుస్తుంది.

రూ.5 లక్షల శాశ్వత లైసెన్సుకు రెండవ సంవత్సరం నుండి ఏటా రూ.1 లక్ష నిర్వహణ రుసుము, మరొక దానికి ఏటా రూ.2 లక్షల చందా ఉన్నాయనుకుందాం. మూడేళ్లకు మొదటిదానికి రూ.7 లక్షలు, రెండవదానికి రూ.6 లక్షలు అవుతాయి. నాలుగేళ్లకు రెండూ రూ.8 లక్షల వద్ద సమానమవుతాయి. అయిదేళ్లకు చందాయే రూ.1 లక్ష అధికమవుతుంది. వీటికి 18 శాతం జీఎస్టీ అదనం.

ఉచిత సాఫ్ట్‌వేర్‌కు ఖర్చు లేదా?

1999లో వెలువడి తరువాత నాగియోస్‌గా పేరు మార్చుకున్న సాఫ్ట్‌వేర్, 2001 నాటి జాబిక్స్, 2012లో రూపకల్పన ప్రారంభమైన ప్రొమీథియస్ ఓపెన్ సోర్స్ కోవకు చెందినవి. వీటికి లైసెన్సు రుసుము లేదు. అయితే సర్వరు, నిల్వ సదుపాయం, అన్నింటికంటే మిన్నగా నైపుణ్యం గల సిబ్బంది అవసరం. ఏర్పాటు చేసిన ఇంజినీరు ఉద్యోగం వదిలి వెళ్లిననాడు హెచ్చరికలను సరిచేసేవారు లేకపోతే ఆ ఉచితమే భారమవుతుంది.

లైసెన్సు షరతులు కూడా మారుతుంటాయి. గ్రఫానా 2021లోను, జాబిక్స్ 7.0 వెర్షన్‌తో 2024లోను ఏజీపీఎల్ లైసెన్సుకు మారాయి. వీటిని సంస్థ తన అవసరాలకు యథాతథంగా వినియోగించుకోవడానికి ఆటంకం లేదు. మార్పులు చేసి నెట్‌వర్క్ ద్వారా ఇతరులకు సేవగా అందించేవారు మాత్రం మార్చిన సోర్స్ కోడ్‌ను ఆ వినియోగదారులకు అందుబాటులో ఉంచాలి.

ప్రభుత్వ కార్యాలయాల విషయానికి వస్తే, కేంద్ర ప్రభుత్వం 2015లో ప్రకటించిన విధానం ప్రకారం సరఫరాదారులు ఓపెన్ సోర్స్‌ను కూడా పరిశీలించాలి. దానిని ప్రతిపాదించని పక్షంలో అందుకు కారణం తెలపాలి.

చట్టపరమైన బాధ్యతలు

సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న జారీ చేసిన ఆదేశాల ప్రకారం సంస్థలు తమ కంప్యూటర్ వ్యవస్థల లాగ్‌లను 180 రోజులపాటు భద్రపరచాలి. నిర్దేశిత సైబర్ ఘటనలను గుర్తించిన 6 గంటలలోగా తెలియజేయాలి. రోజుకు 10 గిగాబైట్ల లాగ్‌లు పోగయ్యే సంస్థ 1,800 గిగాబైట్లను నిల్వ చేయవలసి ఉంటుంది. పాత లాగ్‌లను తక్కువ ఖర్చయ్యే ప్రత్యేక నిల్వకు తరలించే వెసులుబాటు ఉందో లేదో కొనుగోలుకు ముందే తెలుసుకోవడం శ్రేయస్కరం.

అనధికార ప్రతులను ఆశ్రయించడం పరిష్కారం కాదు. కాపీరైట్ చట్టం, 1957లోని 63బి సెక్షన్ ప్రకారం వాటిని తెలిసి వినియోగించిన వారికి 7 రోజులకు తగ్గకుండా మూడేళ్ల వరకు జైలు శిక్ష, రూ.50 వేల నుండి రూ.2 లక్షల వరకు జరిమానా విధించవచ్చు.

కొనుగోలుకు ముందు

దేనిని యూనిట్‌గా లెక్కిస్తారు, యంత్రాలు రెట్టింపైతే రుసుము ఎంత, పునరుద్ధరణ వేళ ధర ఎంతవరకు పెంచవచ్చు, ఒప్పందం ముగిస్తే పాత సమాచారాన్ని ఏ రూపంలో తిరిగి ఇస్తారు అనే నాలుగు ప్రశ్నలకు లిఖితపూర్వక సమాధానం తీసుకోవాలి. మూడు నుండి అయిదేళ్ల మొత్తం వ్యయాన్ని సిబ్బంది జీతాలతో సహా అంచనా వేసి, ఆ తరువాతే టెండర్లను పోల్చాలి. ఏ యంత్రమూ లైసెన్సు కొరత వల్ల పర్యవేక్షణకు దూరం కాకుండా చూసుకున్నప్పుడే వెచ్చించిన ప్రతి రూపాయికీ సార్థకత చేకూరుతుంది.